కుప్ప కింద చెయ్యి

విజిల్ మోగాక ఆరుగురు ఒక్కొక్కరే లేచి పక్కకు జరిగారు. అడుగున ఉన్న ఏడో మనిషి లేవలేదు.

అతడు బోర్లా పడి ఉన్నాడు. కుడిచెయ్యి మధ్యగీత వైపు చాచి ఉంది. వేళ్లకూ గీతకూ నడుమ జానెడు ఎడం. తాడు చుట్టూ నిలబడ్డ జనం ఇంకా ఈలలు వేస్తూనే ఉన్నారు. కప్పు ఎవరిదో ప్రకటించడానికి మైకు పట్టుకున్నాయన గొంతు సవరించుకుంటున్నాడు. రిఫరీ వంగి, పడి ఉన్న మనిషి చెవి దగ్గర ఏదో అడిగాడు. జవాబు విన్నాక విజిల్‌ను మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"చెయ్యి ఎవలు గుంజకుండ్రి," అన్నాడు. "మనిషిని ముట్టకుండ్రి. మైకు బంద్ పెట్టు."

మైకు ఆగాక అడుగున ఉన్నవాడి మాట అందరికీ వినిపించింది. అతడు ఏడవడం లేదు. "నా చెయ్యి యాడుంది?" అని అడుగుతున్నాడు. చెయ్యి అతడి కళ్ల ముందే ఉంది.

స్కోరు రాసే బల్ల దగ్గర నేను కూర్చుని ఉన్నాను. బడిలోంచి ఒక బెంచీ తెచ్చారు. దాని మీదికి అతణ్ని జరిపి, నలుగురు మోసుకెళ్లి జీపెక్కించి, ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లారు. అప్పటికి పొద్దు ఇంకా గుంకలేదు. ఎర్రుపాలెం వైపు నుంచి వచ్చిన జట్టు గెలిచినట్టు రాసి, కప్పు ఇచ్చాం. వాళ్ల కెప్టెన్ దాన్ని పైకెత్తలేదు. రెండు చేతులతో తీసుకెళ్లి వ్యాను సీటు కింద పెట్టాడు.

ఇది పోయిన ఏడు శివరాత్రికి ముందు, ఏన్కూరుకు దగ్గర్లోని ఒక ఊళ్లో జరిగింది. ఆ ఊరి యువకులు ఏటా కబడ్డీ పోటీలు పెడతారు. అడవి వైపు గూడేల నుంచీ, మధిర, సత్తుపల్లి వైపు మైదానం ఊళ్ల నుంచీ జట్లు వస్తాయి. ఇరవై ఏళ్లకు పైగా ఒక దినపత్రికకు ఆ చుట్టుపక్కల వార్తలు రాసినవాణ్ని కనుక ఆ పోటీలన్నిటికీ వెళ్లాను. పత్రిక పని మానేశాక కూడా స్కోరు రాయడానికి పిలుస్తూనే ఉన్నారు.

కుప్ప అంటే ఏమిటో చెప్పాలి. ఏ రూల్ పుస్తకంలోనూ దాని పేరు లేదు. కబడ్డీలో ఒకడు కూత పెడుతూ అవతలి గడిలోకి వెళ్తాడు. ఎవరినైనా తాకి, ఊపిరి తెగకుండా వెనక్కి వచ్చి మధ్యగీతను ముట్టుకోవాలి. అవతలి వాళ్లు అతణ్ని పట్టుకుని ఆపాలి. వాళ్లు పట్టుకున్నా సరే, గింజుకుని ఒక్క వేలు గీతకు తగిలించాడంటే పట్టుకున్న వాళ్లందరూ ఔట్. అందుకే ఆట చాలాసార్లు గీతకు మూరెడు దూరంలోనో జానెడు దూరంలోనో తేలుతుంది. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడైతే ఇద్దరు ముగ్గురిని నడుముకు వేలాడేసుకుని ఈడ్చుకుంటూ గీత దాటేస్తాడు. ఆ ఆఖరి జానెడును ఆపడానికి పుట్టిందే కుప్ప. ఒకడు చీలమండ దొరకబుచ్చుకుని పడేస్తాడు. రెండోవాడు నడుము పట్టుకుంటాడు. మిగిలిన వాళ్లంతా ఒక్క కేకతో, ఒకరి మీద ఒకరు, అతడి వీపు మీద పడతారు. ఇక పాకడానికి ఉండదు.

దాన్ని కనిపెట్టింది ఆ రోజు అడుగున పడ్డవాడే.

అతడిది ఏన్కూరు దాటి అడవిలోకి వెళ్లాక వచ్చే ఒక కోయ గూడెం. ముప్పై లోపు వయసు. కొంచెం పోడు భూమి ఉంది, పత్తి వేస్తాడు. గూడెం జట్టుకు కెప్టెన్. ఆ జట్టులో అందరూ సన్నగా, పొట్టిగా ఉంటారు. పరుగు బాగుంటుంది, ఊపిరి బాగా ఆగుతుంది, కానీ మనిషిని నిలబెట్టి ఆపే బరువు లేదు. మైదానం ఊళ్ల జట్లు అట్లా కాదు. అక్కడి పెద్ద రైతులు ఖర్చుకు వెనకాడరు, జిమ్ములో పెరిగిన ఆటగాళ్లను బయటి నుంచి గెస్టులుగా పిలిపిస్తారు. గూడెం జట్టు గడిలోకి దిగగానే తాడు పక్క నుంచి మాటలు మొదలయ్యేవి.

"గాలి లేసేటట్టుంది, జర ఒకలి కాలు ఒకలు పట్టుకొని నిలవడుండ్రి."

"అన్నం తిని వచ్చిండ్రా, తినడానికి వచ్చిండ్రా?"

వాళ్లు నవ్వేవాళ్లు. మొదటి రౌండులోనే ఓడిపోయి, సాయంత్రం దాకా మిగతా ఆటలు చూసి, ఆఖరి బస్సుకు వెళ్లిపోయేవాళ్లు. ఎన్నో ఏళ్లు అట్లాగే చూశాను.

ఒక ఏడు వాళ్లు కుప్పతో వచ్చారు. సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన గెస్టు ఆటగాడొకడు ఇద్దరిని ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చాడు. కెప్టెన్ వాళ్ల భాషలో ఒక కేక వేశాడు. మరుక్షణం ఆ పెద్ద మనిషి కనిపించలేదు. జనం ముందు నవ్వారు, తర్వాత అరిచారు. ఆ ఏడు గూడెం జట్టు సెమీ ఫైనల్ దాకా వచ్చింది. మరుసటి ఏడు కప్పు గెలిచింది. ఫైనల్లో ఓడింది ఎర్రుపాలెం జట్టే.

అప్పట్లో నేనింకా పత్రికలో ఉన్నాను. కెప్టెన్‌ను కూర్చోబెట్టుకుని, ఇది ఎట్లా తట్టిందని అడిగాను.

"పత్తి తొక్కుడు కాడ తట్టింది సారు," అన్నాడు.

పత్తి ఏరాక బండి వచ్చే దాకా గూడెంలో దాన్ని ఇంట్లోనే కుప్ప పోస్తారు. ట్రాక్టర్ ట్రాలీలో నింపేటప్పుడు మీదికెక్కి తొక్కాలి. "ఒక్కొక్కలం దుంకితె అది మల్ల లేస్తది. ఆరుగురం ఒక్కపారి దుంకితె కూసుంటది. మనిషి గూడ గంతే కద అనుకున్న." చలికాలమంతా ఇంట్లోని పత్తి కుప్ప మీదే నేర్చుకున్నామన్నాడు. ఒకడు బోర్లా పడుకుని గడప వైపు చెయ్యి చాచాలి. గడపే మధ్యగీత. మిగతా వాళ్లు కేక వినగానే పడాలి. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న వరస తప్పకూడదు.

నాకు అది చాలా నచ్చింది. పెద్ద వార్త రాశాను. చిన్న గూడెం, పెద్ద జట్లు, కలిసికట్టుగా గెలుపు. డెస్కు వాళ్లు మంచి శీర్షిక పెట్టారు. ఆ ఫైనల్లో కుప్ప కింద పడిన ఎర్రుపాలెం ఆటగాడొకడు పక్క పట్టుకుని నీళ్ల డ్రమ్ము దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాడు. జనం అతణ్ని యాక్టింగ్ అని వెక్కిరించారు. అతడి గురించి కూడా ఒక వాక్యం రాశాను. వార్త పొడవైందని నేనే దాన్ని కొట్టేశాను.

మూడో ఏటికి కుప్ప అన్ని జట్లకూ వచ్చేసింది. బరువు లేనివాళ్లు బరువైనవాణ్ని ఆపడానికి కనిపెట్టినది బరువైనవాళ్ల చేతికి అందింది. ఫైనల్లో మళ్లీ అవే రెండు జట్లు. గూడెం కెప్టెన్ కూతకు వెళ్లాడు, చీలమండ దొరికింది, ముందుకు పడి చెయ్యి చాచాడు. ఆరుగురూ పడ్డారు.

భుజం నుంచి చేతిలోకి దిగే నరాలు సాగిపోయాయని దవాఖానాలో చెప్పారు. చేతికి సత్తువ తిరిగి వస్తుందో రాదో ఏడాది గడిస్తే గానీ తెలియదన్నారు.

వానలు పోయి, పత్తి ఏరడం మొదలయ్యాక పోటీలు పెట్టే యువకులు నా దగ్గరికి వచ్చారు. ఈసారి కరపత్రం అచ్చు వేసే ముందు కుప్ప ఉండాలో వద్దో తేలాలట. ముగ్గురిని అడుగుదామనుకున్నారు. ఒకరు రిఫరీ. రెండోవారు ఎర్రుపాలెం జట్టును నడిపించే రైతు. మూడోవాణ్ని నేను. ముగ్గురూ ఏది రాసిస్తే అదే రూల్.

ముందుగా రైతే ఫోన్ చేశారు. ఆయన పెద్దలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. మిర్చి వేస్తారు. మాట మెత్తన.

"బ్యాన్ చేసేద్దామండీ," అన్నారు. "మా కుర్రాళ్లు ముగ్గురు దవాఖానాకెళ్లి చూసొచ్చారు. ఆయన మొహంలోకి చూళ్లేకపోయామన్నారు. నాకూ మనసు బాగోలేదు. ఎవరికోసమండీ ఈ పట్టు?"

ఆ మాటల్లో నటన లేదు. ఆ జట్టు కుప్ప లేకుండా కూడా గెలవగలదన్నది వేరే సంగతి.

రిఫరీకి ఖమ్మంలో పరుపుల దుకాణం ఉంది. తాతల నాటి పని. యంత్రం పక్కన నిలబడి మాట్లాడుతుంటే ఆయన కనుబొమల మీద దూది పేరుకుంటుంది. ఒకప్పుడు తానూ ఆడేవాడు.

"బ్యాన్ అని రాసుడు ఆసాన్," అన్నాడు. "ఎన్నో మనిషి పడ్డంక నేను ఊదాలె, గది చెప్పు. ముగ్గురు పడొచ్చు, నాలుగోడు పడొద్దంటవ. నాలుగోడు కాలు జారి పడితె? వాన్ని ఉరి తియ్యాల్నా?"

"మరి వదిలేద్దామా?"

ఆయన యంత్రం ఆపాడు. "ఆ దినం నేను మనసుల ఒకటి, రెండు అనుకుంట నాలుగు లెక్కవెట్టేదాంక ఆగిన. చెయ్యి గీతకు తగిలిందా లేదా చూద్దామని. ఇంత మంది కింద ఏం కనవడతది. ముందుగాల్నే ఊదితె గిట్ల కాకపోయేది." యంత్రం మీది దూది దులుపుతూ, "నువ్వు మాత్రం మస్తు రాసినవ్ పేపర్ల. నీ వార్త చదివే కద మంది నేర్సుకున్నరు," అన్నాడు. కోపంగా అనలేదు. అది నిజమే.

కెప్టెన్‌ను అడగకుండా రాయడం బాగుండదని ఇద్దరం అనుకున్నాం. ఒక ఉదయం ఖమ్మం నుంచి ఏన్కూరు దాకా బస్సులో, అక్కణ్నుంచి ఆటోలో గూడేనికి వెళ్లాం. కెప్టెన్ భార్య వాకిట్లో ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"మల్ల పేపరోళ్లా?"

"పేపరాయన ఈయన ఒక్కడే బిడ్డా," అన్నాడు రిఫరీ. "నేను పరుపులోన్ని."

"పరుపులు మాకెందుకు కాకా, ఇల్లంత పత్తే," అంది. అని మంచం వాల్చింది.

కెప్టెన్ లోపలి నుంచి వచ్చాడు. కుడిచెయ్యి గుడ్డలో వేసి మెడకు కట్టి ఉంది. వేళ్లు కదిలించి చూపించాడు. గ్లాసు పట్టుకోగలడు గానీ నోటి దాకా ఎత్తలేడు. చాయ్ ఎడమచేత్తో తాగుతూ అతడే ముందు అడిగాడు.

"బంద్ చేస్తరా సారు?"

"నిన్ను అడిగి రాద్దామని వచ్చాం," అన్నాను.

"చెయ్యొద్దు."

భార్య నా వైపు తిరిగింది. "ఈయన్ని అడిగితె ఇంకేం చెప్తడు. నేను పొద్దుగాల్నుంచి పొద్దుగూకే దాంక ఒక్కదాన్నే ఏరుతున్న. చేను చివరికి పోయేసరికి మొదట్ల మల్ల పగులుతంది. గది రాయుండ్రి మీ కాయితంల."

"జర ఆగు," అన్నాడు కెప్టెన్. తర్వాత మాతో నెమ్మదిగా చెప్పాడు. "మా వాళ్లను ముగ్గుర్ని నడుముకేసుకొని గుంజుకపోయినప్పుడు దానికి ఎవలు రూల్ రాయలే. మోకాళ్లు చెక్కుకపోయి ఇంటికొచ్చేది. నవ్వుకుంట చూసిండ్రు అందరు. మేం కలిసి పడ్డంకనే రూల్ యాదికొచ్చింది. అది లేకపోతె మేం ఆడేదేంది సారు? మల్ల పొద్దున పోయి ఓడిపోయి, వేరేటోళ్ల ఆట చూసి రావాలె."

"ఇప్పుడు పడ్డది వాళ్లు," అన్నాడు రిఫరీ. "కింద ఉన్నది నువ్వు."

"అవ్. మా కాడ చూసే నేర్సుకున్నరు. నేర్సుకునుడు తప్పా?"

అతడి పరిస్థితిలో ఉన్న మనిషి అంత సూటిగా మాట్లాడతాడని నేననుకోలేదు. రిఫరీ గ్లాసు కింద పెట్టి, "పత్తి చూడొచ్చా?" అని అడిగాడు.

లోపలి గది సగానికి పైగా పత్తి. రిఫరీ అలవాటు కొద్దీ గుప్పెడు తీసి, వేళ్ల మధ్య పోగు లాగి చూసి, బాగుందన్నాడు. గడపకు ఎదురుగా కుప్ప మధ్యలో మనిషి పొడవున ఒక గుంట ఉంది. దాని సంగతి అడిగితే, జట్టు ఇప్పటికీ అక్కడే నేర్చుకుంటోందని చెప్పారు. కెప్టెన్‌కు వరసకు తమ్ముడయ్యే ఒకతను, ట్రాక్టర్ నడుపుతాడు, మేం వచ్చామని విని నలుగురితో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఒక్కపారి చేసి చూపియ్యుండ్రి," అన్నాడు రిఫరీ.

ట్రాక్టర్ అతను గుంటలో బోర్లా పడుకుని గడప వైపు చెయ్యి చాచాడు. కెప్టెన్ గోడకు ఆనుకుని కేక వేశాడు. నలుగురు పడ్డారు. అడుగున ఉన్నవాడు పత్తిలోకి దిగిపోయాడు. పైవాళ్లు లేచాక నవ్వుతూ, జుట్టులో పత్తితో బయటికి వచ్చాడు.

"ఏం బావా, ఇంకో ఇద్దర్ని పిలవాల్నా?" అని పైన పడ్డవాడు ఎగతాళి చేశాడు.

"నీ అసొంటోళ్లు పది మంది పడ్డ గింతే," అన్నాడు ట్రాక్టర్ అతను.

"నొచ్చిందా?" అడిగాడు రిఫరీ.

"నొయ్యలే."

"ఎప్పుడన్న నొచ్చిందా?"

"ఎన్నడు నొయ్యలే కాకా."

రిఫరీ ఆ గుంట అంచున కూర్చున్నాడు. అరచేయి పత్తి మీద పెట్టి నొక్కి, తీశాడు. పత్తి మెల్లగా లేచింది.

"నేను చిన్నప్పటి సంది ఇదే పని చేస్తున్న," అన్నాడు. "దూది లోపట గాలి ఉంటది. మీద పడ్డ బరువును అది ఒక్కకాడ ఉంచది, నాలుగు దిక్కుల పంచుతది. కింద ఉన్నోడు లోపటికి పోతడు. అందుకే నొయ్యదు. మన గ్రౌండు ఏం పంచది. నీళ్లు కొట్టినం, రోలర్ తిప్పినం, మల్ల నీళ్లు కొట్టి మల్ల తిప్పినం. అండ్ల పడితె మనిషి లోపటికి యాడికి పోతడు? బరువంత ఎముక మీదనే." తలెత్తి కెప్టెన్‌ను చూశాడు. "కటిక నేల మీద ఒక్కపారన్న నేర్సుకున్నరా?"

"లే. మ్యాచ్‌లనే."

"మ్యాచ్‌లల్ల కింద ఎవలున్నరు?"

కెప్టెన్ పత్తిలోని గుంట వైపు చూశాడు. గుమ్మం దగ్గర నవ్వుతున్న వాళ్లు ఆగిపోయారు.

"వేరేటోళ్లు," అన్నాడు చివరికి.

రెండేళ్లు వాళ్లు ప్రతి ఆటలోనూ పడ్డారు. కింద పడుకున్న అనుభవం వాళ్లకు పత్తిలోనే ఉంది. పత్తిలో అది నవ్వులాట. కింద ఉన్నవాడు అరిస్తే వాళ్లకు అది అబద్ధంగానే వినిపించింది. అందులో దుర్మార్గం లేదు. వాళ్ల ఇళ్లలో పత్తి లేకపోతే ఆ పొరపాటు జరిగేది కాదు, ఆ ఆటా పుట్టేది కాదు.

"మొత్తుకుంటుంటె యాక్టింగ్ అనుకున్నం," అన్నాడు కెప్టెన్. తర్వాత నన్ను అడిగాడు. "ఆ ఎర్రుపాలెం అన్న ఉన్నడు కద సారు, మేం కప్పు కొట్టిన దినం నీళ్ల డ్రమ్ము కాడ కూసున్నడు. ఆయన మల్ల ఆడిండా?"

"ఆడలేదు," అన్నాను. ఆ తర్వాత అతడు జట్టులో కనిపించలేదు. రెండు పక్కటెముకలు విరిగాయని రైతు ఫోన్లో మాట్లాడినప్పుడు చెప్పారు.

"మీకప్పుడే ఎరికేనా?"

"నొప్పి అని తెలుసు. విరిగిందని తెలియదు."

"రాసిండ్రా?"

"రాయలేదు."

అతడు తలూపాడు. అతడి భార్య చాయ్ గ్లాసులు తీస్తూ, "ఆయనింటికి పోయి చూసి రా," అంది భర్తతో.

పది రోజులకు ముగ్గురం ఆ ఊరి బడి వరండాలో కూర్చున్నాం. పోటీలు పెట్టే యువకులు చుట్టూ ఉన్నారు. కెప్టెన్ కూడా వచ్చాడు. అంతకు రెండు రోజుల ముందు అతడు ఒక్కడే బస్సు మీద ఎర్రుపాలెం వెళ్లాడని రైతు నా చెవిలో చెప్పారు. పక్కటెముకలు విరిగిన ఆటగాడు ఇప్పుడు మిర్చి కళ్లం దగ్గర పని చూస్తున్నాడట. ఇద్దరూ కళ్లంలో గోనెసంచుల మీద చాలాసేపు కూర్చున్నారట. ఏం మాట్లాడుకున్నారో ఆయనకూ తెలియదు. వెళ్లేటప్పుడు ఆ ఆటగాడే బస్టాండు దాకా బండి మీద దింపాడని మాత్రం చెప్పారు.

రైతు తన మాట చెప్పారు. బ్యాన్. రిఫరీ తన అనుమానం మళ్లీ చెప్పి, లెక్క స్పష్టంగా రాస్తే ఊదుతానన్నాడు. అందరూ కెప్టెన్ వైపు చూశారు. గూడెంలో మాతో అన్నదే మళ్లీ అంటాడని అనుకున్నాను.

"కుప్ప బంద్ పెట్టుండ్రి," అన్నాడు.

రైతు ఊపిరి వదిలారు. చాలా మంచి మాట అన్నావయ్యా అని ఏదో అనబోయారు.

"ఇంకొకటుంది సారు. తూకం పెట్టుండ్రి."

"తూకమా?"

"మేం కలిసి పడొద్దు. సరే. రేపు మీ ఎనభై కిలోల మనిషి మా గడిలకొస్తె మేం దేంతోని పట్టాలె? ఇంత బరువు దాటినోడు ఆడొద్దని రాయుండ్రి. పెద్ద పోటీలల్ల ఉంటదంట కద."

రైతు నవ్వారు, కానీ ఇబ్బందిగా. "ఇది ఓపెన్ టోర్నమెంటయ్యా. ఊళ్లో ఆటకి తూకమేంటి, సంతలో గొర్రెల్లాగా."

"బియ్యానికున్నది, మీ మిర్చికున్నది," అన్నాడు రిఫరీ. "మనిషికి ఉంటె ఏంది?"

"మీకేం సాయిబు గారూ, మీరు ఊదేవాళ్లు. బయటి ఆటగాళ్లకి నేను ముందే మాటిచ్చేశాను. వాళ్లలో సగం మంది ఆగిపోతారు."

"గదే సారు నేను చెప్పేది," అన్నాడు కెప్టెన్.

ఎవరూ గొంతు పెంచలేదు. వాదన మధ్యాహ్నం దాకా సాగింది. యువకుల్లో కూడా రెండు మాటలు వచ్చాయి. గెస్టులు రాకపోతే జనం రారని కొందరు, గూడేలు రాకపోతే ఇది మన పోటీయే కాదని కొందరు. రైతు చెడ్డవారు కారు. పడిన మనిషి గురించి ఆయన బాధ నిజం. ఆ బాధ బ్యాన్ దాకా వచ్చి ఆగింది. తూకం దగ్గరికి వచ్చేసరికి ఆయన తన జట్టు గురించే ఆలోచించారు. నేనైనా అంతేనేమో తెలియదు. నాకు జట్టు లేదు.

చివరికి మొదటిది మాత్రం రాసుకున్నాం. రాయడం నా వంతు. ఎన్నో వార్తలు రాశాను గానీ రూల్ రాయడం అదే మొదలు. నాలుగుసార్లు కొట్టేసి రాశాను. కూతకు వచ్చినవాడు నేల మీద పడ్డాక ఇద్దరికి మించి అతడి మీద పడరాదు. మూడోవాడు పడితే, తెలిసి పడ్డా జారి పడ్డా, కూతకు వచ్చినవాడు గీత ముట్టుకున్నట్టే లెక్క. "జారి పడ్డా" అన్నది రిఫరీ పట్టుబట్టి రాయించాడు. ముగ్గురం సంతకాలు పెట్టాం. కాగితం కెప్టెన్‌కు ఇస్తే చదువుకున్నాడు. మంచిగుందన్నాడు. తూకం సంగతి తర్వాత చూద్దామని యువకులు అన్నప్పుడు, "తర్వాత అంటె ఎప్పుడు?" అని ఒక్కసారి అడిగాడు. జవాబు కోసం కాసేపు నిలబడి, బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయాడు.

వారానికి గూడెం నుంచి ఒక అర్జీ వచ్చింది. జట్టు వాళ్లందరూ సంతకాలు చేశారు. కెప్టెన్ సంతకం ఎడమచేత్తో చేసినట్టు తెలుస్తూనే ఉంది. కుప్పను మానేస్తున్నామని, ఎవరి మీదా ఇక పడబోమని, ఇంతకుముందు తమ కింద పడి దెబ్బలు తగిలినవాళ్లను మన్నించమని కోరుతున్నామని అందులో రాశారు. తూకం పెడితేనే తమ జట్టు పేరు ఇస్తామని ఆఖర్న ఉంది. దాని నకలు ఒకటి రిఫరీకి, ఒకటి నాకు పంపారు.

కరపత్రం అచ్చయింది. కుప్ప నిషేధం మూడో రూల్‌గా ఉంది. ఈ మండలంలో ఇప్పుడు ఎవరైనా దాన్ని చూపించి కుప్పను ఆపవచ్చు. పక్క మండలంలో జరిగే పోటీల్లో అది ఇంకా నడుస్తూనే ఉందని విన్నాను. కెప్టెన్ చేతిని ఖమ్మం దవాఖానాలో మళ్లీ చూశారు. మోచెయ్యి కొంచెం వంగుతోంది, భుజం లేవడం లేదు. ఇక లేస్తుందో లేదో వాళ్లు ఇప్పటికీ చెప్పలేదు.

జట్ల పేర్లు ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులు గడువుంది. నిన్నటి దాకా పదకొండు పేర్లు వచ్చాయి. వాటిలో గూడెం పేరు లేదు. తూకం మీద పోటీలు పెట్టే యువకుల కమిటీ రెండుసార్లు కూర్చుని, రెండుసార్లూ ఏమీ రాసుకోకుండా లేచింది.